లైసెన్సున్న కత్తి, లైసెన్సు లేని కత్తి

భూమి గురించీ కూలి గురించీ రిజర్వేషన్ల గురించీ రాసుకునే పేజీల్లో 'అమెరికన్ మేరీ' అనే భయానక సినిమా గురించి రాయడమేంటని కొందరు మిత్రులు మొహం చిట్లించవచ్చు. కెనడాలో తీసిన సినిమా. 2012 ఆగస్టులో లండన్‌లో ఫ్రైట్‌ఫెస్ట్ అనే భయానక చిత్రోత్సవంలో మొదటిసారి వేశారు. తీసినవాళ్ళు జెన్ సోస్కా, సిల్వియా సోస్కా అనే కవల అక్కచెల్లెళ్ళు. పెద్ద కంపెనీ ఏదీ వెనక లేకుండా తీశారు. నెత్తురుంది, కుట్లున్నాయి, కత్తులున్నాయి. దయ్యం మాత్రం లేదు. అయినా మనకేం పని దాంతో?

పనుందనే మేం రాస్తున్నాం. చేతిలో డబ్బుల్లేని పిల్ల ఒకతి మెడికల్ కాలేజీ మెట్లెక్కితే అక్కడ ఏం జరగొచ్చో ఆ సినిమా చెబుతుంది. ఇప్పుడు మన గూడేల నుంచి, మన తండాల నుంచి పిల్లలు ఆ మెట్లే ఎక్కుతున్నారు. మొదటి తరం వాళ్ళు. ఇంట్లో ముందు నడిచి దారి చూపిన మనిషి లేనివాళ్ళు. కాబట్టి ఈ కథ మన గడప దాకా వస్తుంది. నీట్ రాసి సీటొచ్చిన పిల్ల ఫోటోకి దండేసి ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన మన పని అయిపోదు.

ముందు కథ చెప్పుకుందాం. మేరీ మేసన్ సర్జన్ కావాలని చదువుతున్న పిల్ల. సినిమా మొదట్లోనే టర్కీ కోడి మాంసం మీద కుట్లు వేస్తూ కనిపిస్తుంది. చేతివాటం గట్టిది, బుర్ర పదునైంది. డబ్బే లేదు. ఫోను బిల్లు కూడా కట్టలేదు. దూరాన ఉన్న నాయనమ్మ తప్ప పలకరించే దిక్కు లేదు. తరగతిలో డాక్టర్ గ్రాంట్ అనే పంతులు ఆమెను నలుగురిలో చిన్నబుచ్చుతాడు. గతిలేక ఒక బట్టలిప్పి ఆడే క్లబ్బులో పనికోసం వెళ్తుంది. అక్కడ కింద గదిలో ఒకడు చావుబతుకుల్లో ఉంటాడు. ఈ పిల్ల మెడిసిన్ చదువుతోందని తెలిసి క్లబ్బు యజమాని బిల్లీ అడుగుతాడు: వీణ్ణి బతికించు, 5 వేల డాలర్లిస్తా. ఆమె కుడుతుంది. డబ్బు తీసుకుని ఇంటికొచ్చి వాంతి చేసుకుంటుంది.

ఆ కబురు పాకి బియట్రిస్ అనే ఆడమనిషి వస్తుంది. కార్టూను బొమ్మ బెట్టీ బూప్ లాగా మొహాన్ని మార్పించుకున్న మనిషి. తన స్నేహితురాలు రూబీకి ఒక ఆపరేషన్ చెయ్యమంటుంది. రూబీకి బొమ్మలాగా మారాలని కోరిక. పిల్లలాడుకునే బొమ్మకి రొమ్ము మొనలుండవు, తొడల మధ్య ఏమీ ఉండదు. తనకీ ఉండొద్దంటుంది. ఏ ఆసుపత్రీ ఆ పని చెయ్యదు. మేరీ చేస్తుంది. చట్టానికి తెలియకుండా చేసే శస్త్రచికిత్సల లోకంలోకి అలా దిగుతుంది.

ఇంతలో పెద్ద సర్జన్లు ఆమెను ఒక విందుకి పిలుస్తారు. ఆ పిలుపు చూసి పిల్ల పొంగిపోతుంది. మనం కూడా పొంగిపోతాం, పెద్దోళ్ళు ఒక్కసారి పక్కన కూర్చోమంటే. ఆ విందులో గ్రాంట్ ఆమెకు మత్తుమందు కలిపిచ్చి అత్యాచారం చేస్తాడు. ఆమె చదువు మానేస్తుంది. పోలీసు స్టేషనుకి పోదు. బిల్లీ మనుషుల చేత గ్రాంట్‌ని ఎత్తుకొచ్చి, తను నేర్చుకున్న విద్యనంతా వాడి ఒంటి మీద చేసి చూపిస్తుంది. నాలుక చీలుస్తుంది, కాళ్ళూ చేతులూ తీస్తుంది, చంపకుండా వేలాడదీసి ఉంచుతుంది. చివరికి రూబీ మొగుడు, తన పెళ్ళాం ఒంటిని ఎవరో మార్చారన్న కోపంతో, మేరీని కత్తితో పొడుస్తాడు. ఆమె తన కడుపుని తానే కుట్టుకుంటూ చచ్చిపోతుంది.

ఇదీ కథ. అసహ్యంగా ఉందంటారా? ఉంది. ఇది పిల్లలకు చూపించే సినిమా కాదు. గుండె గట్టిగా ఉన్న పెద్దవాళ్ళు కూడా తలతిప్పుకునే చోట్లున్నాయి. అయితే అసహ్యం అనే మాట ఎప్పుడెప్పుడు ఎవరి నోట వస్తుందో మనం కాస్త పట్టి చూడాల.

చర్మాన్ని కొయ్యడం, ఒలవడం, కుట్టడం మన పెద్దలకు కొత్త కాదు. చచ్చిన గొడ్డుని ఒలిచినవాడికి తోలు ఎక్కడ పలచనో, ఎక్కడ మందమో, కత్తి ఏ వాలున పెడితే గాటు పడకుండా వస్తుందో తెలుసు. పురుడు పోసి బొడ్డు కోసిన మంత్రసానికి ఆడదాని ఒళ్ళు ఎట్లా పనిచేస్తుందో తెలుసు. ఆ తెలివికి ఊరు పెట్టిన పేరు మైల. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోస్తే అది చరిత్ర పుస్తకాలకెక్కింది. ఆయన ధైర్యాన్ని తక్కువ చెయ్యం. కానీ అప్పటికి తరతరాలుగా శవాలను మోసినవాళ్ళ పేర్లు, కళేబరాలు కోసినవాళ్ళ పేర్లు ఎక్కడ రాశారు?

ఇంకొకటి చూడండి. 1794 అక్టోబరులో లండన్ 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' ఒక ఉత్తరాన్ని అచ్చేసింది. టిప్పు సైనికులు ముక్కు కోసేసిన కవస్జీ అనే బండి తోలేవాడికి పూనా దగ్గర ఒకడు నుదుటి చర్మం తీసి కొత్త ముక్కు కట్టాడని అందులో ఉంది. తెల్ల డాక్టర్లు నోరు తెరిచి చూసిన ఆ శస్త్రచికిత్స చేసింది ఇటుకలు చేసే కులంవాడని రాశారు. ఇవాళ ప్లాస్టిక్ సర్జరీ మన ప్రాచీన గ్రంథాల్లోనే ఉందని గొప్పలు పోయేవాళ్ళు సుశ్రుతుడి పేరు చెప్తారు. ఆ ఇటుకల మనిషి పేరు ఎవరూ చెప్పరు. అసలు ఆ ఉత్తరం రాసినవాడే రాయలేదు. ముక్కు పోగొట్టుకున్నవాడి పేరుంది, కట్టినవాడి పేరు లేదు.

ఇంగ్లండులోనూ అంతే. 1540 నుంచి 1745 దాకా లండన్‌లో మంగళ్ళదీ సర్జన్లదీ ఒకటే సంఘం. గడ్డం గీసే చేతులే పుండు కోసేవి. సర్జన్లకి హోదా పెరిగాక మంగళ్ళని విడగొట్టుకుని పోయారు. కత్తి అదే. దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూసి దానికి విద్య అని పేరు పెట్టాలా, నీచం అని పేరు పెట్టాలా అన్నది తీర్మానించారు. 'అమెరికన్ మేరీ' సినిమాలో మాకు మొదట కనబడింది ఈ సంగతే. తెల్లకోటు వేసుకుని గ్రాంట్ కత్తి పడితే వైద్యం. ఇంట్లో బల్ల వేసుకుని మేరీ కత్తి పడితే నేరం. చేతివాటంలో ఆమె అతనికి ఏం తక్కువ?

"అదేంటి సార్, లైసెన్సు లేకుండా కోస్తే మనుషులు చస్తారు గదా?" అని మా దగ్గర చదివి ఇప్పుడు నర్సింగు చేస్తున్న అమ్మాయి ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్న. చస్తారు. లైసెన్సు కావాలి. మేం లైసెన్సుకి వ్యతిరేకం కాదు. ఊళ్ళో సూదిమందు డాక్టర్ల చేతిలో పోయినవాళ్ళని మేం చూశాం. మా మాట వేరు. లైసెన్సు ఉన్నంత మాత్రాన కత్తి మంచిదైపోదు. ఆ లైసెన్సు ఎవరి ఒంటి మీద ఎట్లా నడిచిందో చరిత్రలో రాసే ఉంది.

అమెరికాలో జేమ్స్ మారియన్ సిమ్స్ అనే సర్జన్ని ఆధునిక స్త్రీ వైద్యానికి తండ్రి అన్నారు. 1845 నుంచి 1849 దాకా అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీలో బానిస నల్ల స్త్రీల మీద అతను ప్రయోగాలు చేశాడు. అనార్కా, లూసీ, బెట్సీ అన్న మూడు పేర్లు మిగిలాయి. అనార్కా ఒక్కదాని మీదే 30 సార్లు కత్తి పెట్టాడు. మత్తు ఇవ్వకుండా. ఆమె ఒప్పుకుందా అని అడగాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే ఆమె ఒళ్ళు ఆమె యజమానిది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో అతని విగ్రహం నిలబెట్టారు. 2018 ఏప్రిల్లో గానీ దాన్ని తియ్యలేదు. ఇంతకంటే భయానక సినిమా ఏముంటుంది?

మన దేశానికి రండి. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ప్రభుత్వ శిబిరంలో కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఒకే సర్జన్. మూతబడ్డ ఆసుపత్రి భవనం. అందులో 13 మంది చనిపోయారు. పేద ఆడవాళ్ళు. అంతకుముందు అదే ఏడాది అదే సర్జన్ని వేల ఆపరేషన్లు చేశాడని ప్రభుత్వం సన్మానించింది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు కొట్టే ఆడవాళ్ళ సంగతి 2019లో బయటికొచ్చింది. ప్రభుత్వ కమిటీ 82 వేల మందిని విచారిస్తే 13 వేల మందికి పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్ళు తేలారు. నెలసరి వస్తే పని ఆగుతుంది, పని ఆగితే జరిమానా. అందుకని సంచే తీసేశారు. లైసెన్సున్న ఆసుపత్రుల్లో, బిల్లులు రాసి, సంతకాలు పెట్టించుకుని.

రూబీ తన ఒంటిని తానే అడిగి మార్పించుకుంటే మనకి ఒళ్ళు జలదరిస్తుంది. చెరుకు తోటలో ఆడది బతకడం కోసం గర్భసంచి తీయించుకుంటే అది వార్త కూడా కాకుండా ఏళ్ళు గడిచాయి. రూబీది కోరిక. బీడ్ ఆడదానిది కోరికా? ఆమె కూడా సంతకం పెట్టింది గదా!

ఒప్పుదల అన్న మాట దగ్గర చట్టం కూడా తడబడుతుంది. ఇంగ్లండులో పచ్చబొట్లు పొడిచే ఒకతను అడిగినవాళ్ళకి చెవి తియ్యడం, రొమ్ము మొన తియ్యడం, నాలుక చీల్చడం చేశాడు. వాళ్ళు కాగితం మీద ఒప్పుకునే చేయించుకున్నారు. 2018లో అక్కడి అప్పీలు కోర్టు, వాళ్ళ ఒప్పుదల అతన్ని కాపాడదని తేల్చింది. 2019లో అతనికి 40 నెలల జైలు పడింది. మన పక్కనే తిరుచ్చిలో 2024 డిసెంబరులో నాలుకలు చీలుస్తున్నారని పచ్చబొట్ల దుకాణం వాళ్ళని పట్టుకున్నారు. మేం దాన్ని తప్పు పట్టం. కానీ అడుగుతాం: స్వయంగా వచ్చి అడిగినవాడి ఒప్పుదలని అంత జాగ్రత్తగా తూచే చట్టం, ఆకలి పెట్టించిన సంతకాన్ని ఎందుకు తూచదు?

చీకటి ఆపరేషన్లంటే మనకి కెనడా దాకా పోవాల్సిన పని లేదు. 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా కిడ్నీల బేరం ఆగలేదు. 2025 జనవరిలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అనుమతి లేకుండా కిడ్నీలు మారుస్తున్నారని పట్టుకున్నారు. కిడ్నీ ఇచ్చినవాళ్ళు తమిళనాడు నుంచి తెచ్చిన పేద ఆడవాళ్ళు. కిడ్నీ ఒక దారిన పోతుంది, డబ్బు ఇంకో దారిన పోతుంది. మధ్యలో దళారి నవ్వుతుంటాడు. అక్కడ నల్లరబ్బరు ఏప్రనూ ఎర్ర లిప్‌స్టిక్కూ ఉండవు. స్టైలు ఉండదు. అందుకే ఎవరూ సినిమా తియ్యరు.

చీకట్లో చేసిన ఆపరేషన్లన్నీ చెడ్డవని కూడా మేం అనం. షికాగోలో 1969 నుంచి 1973 దాకా కొందరు ఆడవాళ్ళు 'జేన్' అనే పేరుతో రహస్యంగా ఒక సంఘం నడిపారు. అప్పుడు అక్కడ గర్భస్రావం నేరం. డబ్బున్నవాళ్ళు విమానమెక్కి పోయేవాళ్ళు. లేనివాళ్ళు దొంగ డాక్టర్ల చేతిలో పడేవాళ్ళు. ఈ సంఘం మొదట ఒక మగమనిషి చేత ఆ పని చేయించింది. అతను అసలు డాక్టరే కాదని తర్వాత తెలిసింది. అప్పుడు ఆ ఆడవాళ్ళు ఏమన్నారు? అతను నేర్చుకోగలిగింది మనమెందుకు నేర్చుకోలేమన్నారు. నేర్చుకున్నారు. రేటు తగ్గించారు. సుమారు 11 వేల మందికి చేశారని లెక్క. 1972లో ఏడుగురిని అరెస్టు చేశారు. 1973లో సుప్రీంకోర్టు ఆ హక్కుని ఒప్పుకున్నాక కేసులు పోయాయి. 2022 జూన్‌లో అదే కోర్టు ఆ హక్కుని తిరిగి లాగేసుకుంది. అదీ పోరాటాల సంగతి. గెలిచామని పడుకుంటే దుప్పటి కూడా పోతుంది.

మేరీకీ ఆ షికాగో ఆడవాళ్ళకీ తేడా ఏమిటి? ఇద్దరి చేతిలోనూ లైసెన్సు లేదు. ఇద్దరికీ పని వచ్చు. వాళ్ళు పదిమంది, ఈమె ఒకతి. సినిమా అంతా చూశాక మాకు మిగిలింది ఈ ఒంటరితనమే.

ఇక పగ దగ్గరికొద్దాం. మేరీ పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేదని ప్రశ్నించే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళని మేం ఒకటే అడుగుతాం. పోతే ఏమయ్యేది? సినిమాలో పోలీసు రాకపోలేదు. వచ్చాడు. ఎప్పుడొచ్చాడు? సర్జన్ మాయమైనాక. చదువు మానేసి ఒక విద్యార్థిని మాయమైతే ఏ పోలీసూ రాలేదు, ఏ ప్రిన్సిపాలూ రాలేదు, ఎందుకు మానేశావమ్మా అని అడిగిన మనిషి లేడు. మా బళ్ళో ఆడపిల్ల బడి మానేస్తే మేం ఇంటికి పోయి అడుగుతాం. పెద్ద కాలేజీల్లో హాజరు పట్టీలోంచి పేరు కొట్టేస్తారు.

ఇది కల్పన అనుకోవద్దు. అమెరికాలో జిమ్నాస్టిక్స్ ఆడే ఆడపిల్లలకు వైద్యం చేసే ల్యారీ నాసర్ అనే డాక్టరు వైద్యం పేరుతోనే ఏళ్ళ తరబడి వాళ్ళని చెరిచాడు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 1997లోనే పిల్లలు ఒక కోచ్‌కి చెప్పుకున్నారు. వినలేదు. 2016లో ఒక పత్రిక బయటపెట్టింది. 2018 జనవరిలో కోర్టులో వారం రోజుల పాటు 150 మందికి పైగా ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడి అతని మొహం మీదే చెప్పారు. 40 నుంచి 175 ఏళ్ళ శిక్ష పడింది. యూనివర్సిటీ 50 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళు ఒక్కొక్కతె ఒంటరిగా చెప్తే వినని చెవులు, నూటయాభై గొంతులు ఒకేసారి లేస్తే విన్నాయి. గ్రాంట్‌కి మేరీ చేసిన పని చూసి మాకూ లోపల ఎక్కడో చల్లబడింది, దాచడమెందుకు? కానీ గ్రాంట్ లాంటివాడు ఒక్క మేరీతో ఆగి ఉంటాడా? మిగతా పిల్లలు ఎక్కడ? మేరీ వాళ్ళని వెతకలేదు. సినిమా కూడా వెతకలేదు.

ఆడవాళ్ళు తీసిన సినిమా కాబట్టి ఒక మేలు జరిగింది. అది ఒప్పుకోవాలి. అత్యాచారం జరిగేటప్పుడు కెమెరా ఆమె ఒంటిని ప్రేక్షకుడికి వడ్డించదు. మొహం మీద ఉంటుంది. మన దేశంలో 1994లో 'బాండిట్ క్వీన్' వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. తన మీద జరిగిన అత్యాచారాన్ని తన అనుమతి లేకుండా తెర మీద పరిచారని ఫూలన్ దేవి బతికుండగానే ఢిల్లీ హైకోర్టుకెక్కింది. గొప్ప కళ అని చప్పట్లు కొట్టినవాళ్ళకి ఆ కోర్టు కాగితం చిరాకు తెప్పించింది. ఆ మల్లా కులపు ఆడమనిషి పగ వాళ్ళకి కథగా కావాలి. ఆ మనిషి లేచి మాట్లాడితే మాత్రం ఇబ్బంది.

సర్జన్ల పగ మీద అంతకుముందు కూడా పెద్ద పేరున్న సినిమాలొచ్చాయి. 1960లో ఫ్రాన్సులో జార్జ్ ఫ్రాంజు తీసిన సినిమాలో ఒక పెద్ద డాక్టరు తన కూతురి పాడైన మొహం కోసం పరాయి ఆడపిల్లలను ఎత్తుకొచ్చి వాళ్ళ మొహాలు ఒలుస్తాడు. 2011లో స్పెయిన్ దర్శకుడు అల్మొదోవర్ తీసిన 'ద స్కిన్ ఐ లివ్ ఇన్'లో సర్జన్ తన కూతుర్ని పాడుచేశాడనుకున్న కుర్రాణ్ణి బంధించి ఆడదానిగా మారుస్తాడు. రెంటిలోనూ కత్తి తండ్రి చేతిలోనే ఉంది, కూతురి పేరు చెప్పుకుని తండ్రే తీర్పు చెప్తాడు. 'అమెరికన్ మేరీ'లో దెబ్బ తిన్న ఆడదే కత్తి పట్టింది. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఇదే సినిమాలో మాకు మింగుడుపడని చోటు ఒకటుంది. ఎవరూ దాని గురించి పెద్దగా మాట్లాడరు కాబట్టి మేం మాట్లాడతాం. గ్రాంట్‌ని వేలాడదీసిన చోటికి ఒక సెక్యూరిటీ గార్డు వస్తాడు. రాత్రి డ్యూటీ చేసుకునేవాడు. చూడకూడనిది చూశాడు. మేరీ అతన్ని కొట్టి చంపేస్తుంది. ఆమె కాసేపు కుంగిపోతుంది, బిల్లీ దగ్గర పనిచేసే బలశాలి ఒకడు ఓదారుస్తాడు, కథ ముందుకు పోతుంది. ఆ గార్డుకి పేరు లేదు. ఇల్లు లేదు. ఏడ్చేవాళ్ళు లేరు.

మిత్రులారా, ఆ గార్డు ఎవరు? కాలేజీ గేటు దగ్గర నీలంచొక్కా వేసుకుని నిలబడేవాడు. కాంట్రాక్టరు కింద నెలజీతానికి పన్నెండు గంటలు కాసేవాడు. మన వాడల్లో ఇంటికొకడున్నాడు. పగ పెద్దోడి మీద మొదలైంది, దారిలో కూలోడు చచ్చాడు. పెద్దోణ్ణి చంపకుండా జాగ్రత్తగా బతికించి ఉంచింది, కూలోణ్ణి నిమిషంలో చంపేసింది. సర్జన్ ప్రాణానికి ఉన్న విలువ వాచ్‌మన్ ప్రాణానికి లేదని ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుంది? ఆ ఆసుపత్రిలోనే నేర్చుకుంది. గ్రాంట్‌ని ముక్కలు చేసింది గానీ గ్రాంట్ నేర్పిన పాఠాన్ని కొయ్యలేకపోయింది. ఒంటరి పగలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పైవాడి దాకా అందని దెబ్బ కిందవాడి మీద పడుతుంది.

స్టైలు గురించి కూడా రెండు మాటలు. సినిమా చూడ్డానికి చాలా అందంగా ఉంది. మేరీగా వేసిన క్యాథరిన్ ఇసబెల్ గొప్పగా చేసింది. నిజంగానే ఒంటిని మార్పించుకున్న మనుషుల్ని తెర మీదకి తెచ్చారు. వాళ్ళని వింత జంతువుల్లా చూపించకుండా, మర్యాదగా మాట్లాడే మనుషులుగా చూపించారు. తెల్లకోటు వాళ్ళ కంటే వీళ్ళే మేరీని మనిషిగా చూశారు. ఇది మాకు నచ్చింది. వెలివేసినవాళ్ళ మధ్యే మర్యాద దొరకడం మనకి తెలిసిన సంగతే. కానీ నల్లరబ్బరు ఏప్రను, ఎత్తుమడమల చెప్పులు, ఎర్రపెదవులు, ఈ అందం పెరిగేకొద్దీ గాయం ఫ్యాషనైపోతుంది. పోస్టరులో మేరీ నిలబడ్డ తీరు చూసినవాడికి ఆమె ఫోను బిల్లు కట్టలేని పిల్లని గుర్తుండదు. అమెరికాలో అప్పు చేసి మెడిసిన్ పూర్తి చేసినవాళ్ళలో సగం మందికి సుమారు 2 లక్షల డాలర్లో అంతకు మించో బాకీ ఉంటుంది. ఆ బాకీయే ఆ పిల్లని కింద గదికి దింపింది. అప్పు గురించి సినిమా మొదటి అరగంటలో మాట్లాడి తర్వాత మర్చిపోయింది. మేం మర్చిపోలేం, మన పిల్లల చదువులు కూడా ఇప్పుడు తాకట్టు కాగితాల మీదే నడుస్తున్నాయి.

మన కాలేజీలు ఎట్లా ఉన్నాయో వేరే చెప్పాలా? 2019 మేలో ముంబయిలో పాయల్ తడ్వి అనే ఆదివాసీ డాక్టరు, పీజీ చదువుతూ, ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారని ఆమె తల్లి కేసు పెట్టింది. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్జీ కర్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి సెమినార్ హాల్లో నడుం వాల్చిన యువ డాక్టర్ని చెరిచి చంపారు. డాక్టరు కోటు వేసుకున్నా రక్షణ లేదు. మరి కోటు ఇంకా రాని మొదటి సంవత్సరం పిల్లకి, ఇంగ్లీషు తడబడే పిల్లకి, రిజర్వేషన్ సీటని రోజూ దెప్పించుకునే పిల్లకి ఎవరున్నారు?

2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. కాలేజీలకూ ఆసుపత్రులకూ వర్తిస్తుంది. ప్రతి చోటా ఒక అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి మనిషి ఉండాలి, పేర్లు గోడ మీద కనబడాలి. మీ జిల్లా మెడికల్ కాలేజీకి పోయి చూడండి. ఆ పేర్లు ఉన్నాయా? ఉంటే అందులో ఉన్నది ఎవరు? ఫిర్యాదు ఎవరి మీద వచ్చే అవకాశం ఉందో వాళ్ళే కూర్చున్నారా? ఇది ఒక మనిషి పోయి అడిగితే గుమాస్తా రేపు రమ్మంటాడు. టీచర్ల సంఘం, నర్సుల సంఘం, విద్యార్థి సంఘం కలిసి ఇరవై మంది పోతే కుర్చీలు వేస్తారు. మేం చూసిన మాటే చెప్తున్నాం.

మేరీకి కత్తి పట్టడం వచ్చు. తెలివి ఉంది, ధైర్యం ఉంది. చచ్చేటప్పుడు కూడా సూదీ దారం చేతిలోనే ఉన్నాయి. తన పొట్టని తానే కుట్టుకుంటుంటే దారం పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు. మన పిల్లలకి తెలివి లేదని మేం ఎప్పుడూ భయపడలేదు. ఆ రెండో చెయ్యి గురించే మా భయం.

మీ ఊరి నుంచి మెడికల్ కాలేజీకో నర్సింగు కాలేజీకో పోయిన పిల్ల ఎవరో ఒకరుంటారు. ఆమె ఫోను నెంబరు మీ దగ్గర ఉందా? ఈ పక్షంలో ఒక్కసారి చెయ్యండి. మార్కులు అడగొద్దు. ఎట్లా ఉన్నావమ్మా, పంతుళ్ళు ఎట్లా ఉన్నారు, డబ్బులున్నాయా, రాత్రి డ్యూటీకి ఎవరితో పోతున్నావు అని అడగండి. చెప్పకపోతే వచ్చే వారం మళ్ళీ చెయ్యండి.